రెండుసార్లు విప్పిన గేర్‌బాక్స్

రాస్తున్నావా? ఆ ఫోన్ పక్కన పెట్టు. రికార్డింగ్ వద్దు, చేత్తో రాయి. రికార్డింగ్ అయితే నేను మధ్యలో తిట్టినవన్నీ పడతాయి. మీ అవ్వ మాటలు నీ కాలేజీ తెలుగులోకి మార్చుకుంటావో ఏం చేసుకుంటావో నీ ఇష్టం. కానీ మనుషులు మాట్లాడినవి మాత్రం మాట్లాడినట్టే ఉండాలి. ఇందులో వచ్చే తిప్పారెడ్డి నోట్లో పుస్తకం తెలుగు పెట్టావంటే ఆయనకు కోపం వస్తుంది, నాకూ వస్తుంది.

పాలిటెక్నిక్ సారు వచ్చి, మా పిల్లలకు నాలుగు మాటలు చెప్పమ్మా అన్నాడు. మోకాళ్లు మెట్లెక్కనివ్వవు కాబట్టి రాసి పంపిస్తానన్నాను. అందుకే ఇది. నా పేరు రత్నమ్మ. అనంతపురంలో బెంగళూరు రోడ్డు పక్కన రేకుల షెడ్డులో ముప్పై ఐదేళ్లు గేర్‌బాక్సులు విప్పి బిగించాను. మొదట లారీలవి, తర్వాత ఆటోమేటిక్ కార్లవి. నా దగ్గర అవార్డులు లేవు. మా పనిలో ప్రమోషన్ అంటే సామాను కడిగే కిరసనాయిలు డబ్బా దగ్గర నుంచి బిగించే బెంచీ దగ్గరకు రావడమే. నాకది ఆరేళ్లు పట్టింది, అంతే.

పిల్లలూ, మీకు ఈ పని ఇష్టమై వస్తున్నారో, వేరే సీటు దొరక్క వస్తున్నారో నాకు తెలీదు. రెండో రకమే ఎక్కువ. ఫరవాలేదు, నేనూ ఇష్టపడి రాలేదు.

గుడ్డ ముక్క

మాది ధర్మవరం, మగ్గాల ఇల్లు. పెళ్లయ్యాక మీ తాత అనంతపురంలో టీ బంకు పెట్టాడు. పక్కనే ఖాదర్ సాబ్ షెడ్డు. లారీ గేర్‌బాక్సుల్లో జిల్లా మొత్తం మీద తనను మించినవాడు లేడని ఖాదర్ సాబే అందరికీ చెప్పేవాడు. అది నిజం కూడా. నేను టీ గ్లాసులు తీసుకుని పోయేదాన్ని. ఒకరోజు నలుగురు మగవాళ్లు విప్పిన సామాను నేలమీద పరుచుకుని, ఏది ముందు ఏది వెనక అని పోట్లాడుకుంటున్నారు.

"ఆ సన్న రింగు పెద్దదాని కిందుండె. ఇందాక టీ ఇచ్చేటప్పుడు సూసినా," అన్నాను.

ఖాదర్ సాబ్ నా వైపు చూశాడు. "ఇంకేం సూసినావు?"

వరుసంతా చెప్పాను. మగ్గాల ఇంట్లో పుట్టినదానికి అదేం గొప్ప? పోగుల వరుస తప్పితే చీర పోతుంది. ఎనిమిదేళ్ల వయసు నుంచి మా నాయన పక్కన కూర్చుని పోగులు అతికినదాన్ని. మరుసటి వారం నుంచి సామాను కడిగే పని ఇచ్చాడు. "ఆడమనిషికి గ్రీసేందిరా సాబూ" అని లారీవాళ్లు నవ్వితే, "నీ బండికి ఆడా మగా తెలుస్తాదా?" అని ఆయనే నోళ్లు మూయించాడు.

మంచి ఉస్తాదే గానీ నోరు మహా చెడ్డది. షెడ్డుకు మొదటి ఆటోమేటిక్ కారు వచ్చినప్పుడు నేను చేసిన తప్పుకు ఆయన తిట్టిన తిట్లు ఇక్కడ రాయొద్దు.

ముందు ఆటోమేటిక్ అంటే ఏందో చెప్తాను. మామూలు బండిలో గేరు డ్రైవర్ మారుస్తాడు. ఆటోమేటిక్‌లో ఆయిలే మారుస్తుంది. లోపల వాల్వ్ బాడీ అని ఒక పలక ఉంటుంది. చీమల పుట్టను అడ్డంగా కోసినట్టు దాని నిండా సన్నని దారులు. ఆయిల్ ఆ దారుల్లో పరిగెత్తి, ఏ క్లచ్‌ను నొక్కాలో ఆ క్లచ్‌ను నొక్కుతుంది. ఎప్పుడు, ఏ దారిలో అనేది కంప్యూటర్ చెబుతుంది.

ఆ వాల్వ్ బాడీని నేను కడిగి, మీ తాత పాత పంచె ముక్కతో శుభ్రంగా తుడిచి పెట్టాను. తళతళమని మెరిసింది. కారు రెండు రోజులు తిరిగి మూడో గేరులో బిగుసుకుపోయి వచ్చింది. ఖాదర్ సాబ్ మొత్తం విప్పాడు. చివరికి సూదితో ఒక వాల్వ్ పక్కనుంచి నూలు పోగు ఒకటి లాగి, వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. కనురెప్ప వెంట్రుక కంటే సన్నగా ఉంది.

"ఇది నీ మొగుని పంచెదేనా?"

అప్పటినుంచి మా అమ్మ మగ్గం దగ్గర మిగిలిన పట్టు ముక్కలు తెచ్చుకున్నాను. పట్టు పోగు విడవదు. ఈ రోజుకీ ఆ షెడ్డులో వాల్వ్ బాడీ తుడిచేది పట్టుతోనే. "ఏమక్కా, గేర్‌బాక్స్‌కు పట్టుచీర కడతాండావా?" అని ఎగతాళి చేసేవాళ్లు చేస్తూనే ఉంటారు. మీ గుడ్డ ఏందో మీరు చూసుకోండి, నాకది చాలు.

ఖాదర్ సాబ్ ఇంకోమాట రోజూ చెప్పేవాడు. "ముందు డ్రైవర్ని ఇప్పు, తర్వాత బోల్టు ఇప్పు." బండి ఎక్కడ తిరిగింది, ఏం తాగింది, ఎప్పుడు మొదట దగ్గింది, అంతా డ్రైవర్‌కే తెలుస్తుందని. ఆ మాట నాకు బాగా వచ్చనుకున్నాను. ఆయన తర్వాత షెడ్డు నా చేతికొచ్చాక ఇరవై మందికి నేర్పించాను కూడా. అరవై రెండేళ్ల వయసులో దాన్నే మరిచిపోయాను. ఆ సంగతి చెప్పడానికే నిన్ను కూర్చోబెట్టింది.

తెలివైనవాళ్లతో చావు

దానికి ముందు నా కడుపుమంట కాస్త తీర్చుకోనీ.

కరువు సీమ కదా, డీజిల్ బొట్టు కూడా నేల పడనివ్వం. మంచిదే. కానీ దిగుడు కనపడగానే బండిని న్యూట్రల్‌లో వేసి జారవిడుస్తారు చూడు, లారీల కాలం నుంచి వచ్చిన రోగం అది. ఆటోమేటిక్‌లో అలా చేసి పదిపైసలు మిగిలించుకుంటారు, గేర్‌బాక్స్ పోగొట్టుకుంటారు. బండి ఆగిపోతే ట్రాక్టర్‌కు మోకు కట్టి ఇరవై కిలోమీటర్లు ఈడ్చుకొచ్చేవాళ్లు ఇంకో రకం. ఇంజిన్ నడవకపోతే ఆయిల్ పంపు నడవదు. పంపు నడవకపోతే లోపల తిరిగేదంతా ఎండు గొంతుతో తిరుగుతుంది. "న్యూట్రల్‌లోనే ఈడ్సినాం కదక్కా, చక్రాలు మెల్లగానే తిరిగె" అంటారు. మెల్లగా చంపితే చంపినట్టు కాదా?

ఇక స్కానర్ పిల్లలు. మీరే. బండికి వైరు తగిలించి, ఫలానా కోడ్ వచ్చింది, ఫలానా క్లచ్ జారుతోంది అంటారు. అవునయ్యా, జారుతోంది. ఎందుకు జారుతోంది? అది స్కానర్‌లో రాదు. జ్వరం ఉందని చెప్పేది థర్మామీటర్, దోమ యాడ కుట్టిందో అది చెప్పదు.

నేను ముందు ఆయిల్ వాసన చూస్తాను. నవ్వకు, రాయి. కాలిన గేర్ ఆయిల్‌ది పెనం మీద మరిచిపోయిన శనక్కాయల వాసన. మాడిన శనక్కాయల వాసన ఈ జిల్లాలో ఎవరికి తెలీదు? ఆ వాసన ఉంటే వేడికి పోయిందని, లేకపోతే ఇంకేదో ఉందని అర్థం. అంత తెలిసినదాన్ని నేను.

తిప్పారెడ్డి కారు

కంబదూరు పక్క పల్లెలో తిప్పారెడ్డి అని ఒక ఆసామి. శనక్కాయ భూములు, రోడ్డు కాంట్రాక్టులు. ఎన్నికలొస్తే ఇంటిముందు పది బండ్లు ఆగుతాయి. ఆయన బెంగళూరులో ఒక జర్మనీ కారు సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. తెల్లది, పడవంత పొడుగు. రెండేళ్లకు అది లారీ మీదెక్కి మా షెడ్డుకు వచ్చింది. గేరు వేస్తే రెండు క్షణాలు ఆలోచించి, ఎవరో వెనకనుంచి తన్నినట్టు కదిలేది. రెండు నుంచి మూడుకు మారేటప్పుడు ఇంజిన్ అరిచేది, బండి మాత్రం పోయేది కాదు. కాసేపటికి స్టీరింగ్ ముందు హెచ్చరిక దీపం వెలిగి, ఒకటే గేరులో మొండికేసేది.

"మా ఎద్దుల బండే మేలక్కా," అన్నాడు తిప్పారెడ్డి. "అది అదరగొట్టుకుంటా పోతాది, కానీ పోతాది."

"ఎవరప్పా తోలేది?"

"వీడే, సుంకన్న. వీడే తగలేసినాడు. దిగుడు కనపడితే న్యూట్రల్‌లో ఏసి జారిడుస్తాడు. పదేండ్లు లారీ తోలిన బుద్ధి యాడికి పోతాది?"

సుంకన్న నలభై ఏళ్లవాడు. కారు డోరు పట్టుకుని నిలబడ్డాడు, అది ఎక్కడికో పోతుందన్నట్టు. "లేదు సామీ. ఈ బండిని ఒక్కతూరి గూడా నేను అట్ల ఇడ్సలే. అక్కా, నేనొక మాట చెప్తా ఇను. ఈ బండి నీళ్లు..."

"నువ్వు గమ్మునుండప్పా," అన్నాను. "ఏ డ్రైవరైనా ఇదే చెప్తాడు."

గమ్మున ఉండిపోయాడు. తర్వాత నేను అడిగింది కూడా లేదులే.

సాక్ష్యం ఉంది, చూశాను

ఆయిల్ కొలిచే పుల్ల, డిప్‌స్టిక్, లేని గేర్‌బాక్స్ అది. కిందనుంచి బోల్టు తీసి ఆయిల్ పట్టాను. ఎర్రగానే ఉంది, కొంచెం మసకగా. మాడిన వాసన లేదు. లేకపోతే లేదు, నాలుగు రోజుల కింద కళ్యాణదుర్గంలో ఎవరో ఆయిల్ మార్చారని తిప్పారెడ్డి చెప్పాడు, కొత్త ఆయిల్‌కు వాసన ఎక్కడినుంచి వస్తుందిలే అనుకున్నాను. కింద ఆయిల్ నిలిచే పాన్ అడుగున ఇనుప రజను పట్టే అయస్కాంతం ఉంటుంది. దాని మీద తుప్పు రంగు కనిపించింది. చూశాను. ఇంజిన్ నీళ్ల డబ్బా మూత తీస్తే అంచున జిడ్డు ఉంది. అదీ చూశాను. నీళ్ల సంగతి రేడియేటర్ వాడిది, నాకెందుకు అనుకున్నాను. మా షెడ్ల వరసలో అదొక జబ్బు. రేడియేటర్‌వాడు గేర్‌బాక్స్ చూడడు, గేర్‌బాక్స్‌వాడు వైరింగ్ చూడడు. బండి ఒకటే అని ఎవరికీ గుర్తుండదు.

గేర్‌బాక్స్ దించి విప్పాం. క్లచ్ ప్లేట్లు రెండు రకాలు. ఒకటి ఉత్త ఉక్కు బిళ్ల, ఇంకోటి రెండు వైపులా కాగితం లాంటి పొర అతికించిన బిళ్ల. రెండూ కరుచుకుంటే గేరు పడుతుంది. వేడికి పోయిన ప్లేట్లు ఎలా ఉంటాయి? పొర నల్లగా మాడి, గాజులా నున్నగా అయిపోతుంది. ఇవి అలా లేవు. పొర పొరంతా పెచ్చులుగా ఊడిపోయింది, వానకు తడిసిన గోడనుంచి సున్నం ఊడినట్టు.

రాశావా? కింద గీత గీయి. నల్లగా మాడితే వేడి, పెచ్చులూడితే తడి.

నేను ఆ పెచ్చును వేలి మీద పెట్టుకుని కూడా చూశాను. కానీ న్యూట్రల్ అనే మాట అప్పటికే చెవిలో పడింది కదా, కంటికి ఇంకేం కనిపిస్తుంది? తిప్పారెడ్డి ఫోన్ చేసి, "ఏమక్కా, తేలిందా?" అంటే, "నువ్వు చెప్పినట్టే. డ్రైవర్ చేతి పనే," అన్నాను.

అంతే. ఒక్క మాట. ఆ సాయంత్రమే సుంకన్న దగ్గర తాళాలు లాక్కున్నాడని తర్వాత తెలిసింది. తెలిసినప్పుడు నేనేం అన్నానో కూడా చెప్తాను, దాచడమెందుకు. "మంచి పని జరిగింది, ఇంకోడికన్నా బుద్ధొస్తాది" అన్నాను.

ఆ తర్వాత పని మాత్రం మనసుపెట్టి చేశాను. కొత్త ప్లేట్లు రాత్రంతా ఆయిల్‌లో నానబెట్టాను, ఎండువి వేస్తే మొదటి రోజే కాలిపోతాయి. రబ్బరు సీళ్లన్నీ కొత్తవి. ఒక్కో క్లచ్‌లో ఎంత సందుందో ఆకు గేజీతో చూశాను. గాలి కొడితే ప్రతి క్లచ్ ఠప్పున పలికింది. ఇంజిన్ బలాన్ని గేర్‌బాక్స్‌కు అందించే టార్క్ కన్వర్టర్‌ను బెంగళూరు పంపించి కోయించి, కడిగించి, మళ్లీ అతికించి తెప్పించాను. ఆయిల్ చల్లార్చే కూలర్‌ను కూడా ఆయిల్ పోసి కడిగాను. కడిగాను గానీ గాలి పెట్టి పరీక్ష చేయలేదు. పట్టు ముక్కతో వాల్వ్ బాడీ తుడిచాను, పోగు లేదు, దుమ్ము లేదు. కారు వెన్నలా నడిచింది. తిప్పారెడ్డి నాకు శాలువా కప్పాడు.

శాలువా! మూడు నెలలు.

మళ్లీ వచ్చింది

మూడు నెలలకు మళ్లీ అదే లారీ, అదే కారు, అదే రోగం. ఈ మూడు నెలలూ కారు తోలింది తిప్పారెడ్డే. ఇప్పుడెవర్ని అనాలి?

"నేను న్యూట్రల్‌లో ఇడ్సలేక్కో," అన్నాడు దిగుతూనే. ఆయన ముఖంలో, మూడు నెలల కింద డోరు పట్టుకుని నిలబడ్డ మనిషి కనిపించాడు నాకు.

ఆయిల్ బోల్టు తీశాను. మజ్జిగలో కుంకుమ కలిపినట్టు, గులాబీ రంగులో చిక్కగా జారింది. చిన్నపిల్లకైనా తెలిసిపోతుంది. నీళ్లు కలిశాయి.

గేర్‌బాక్స్ ఆయిల్, ఇంజిన్ నీళ్లు రెండూ పక్కపక్కన పారి వేడి మార్చుకునే చోటు ఆ కూలర్. మధ్యలో పలుచని రేకే గోడ. కూలర్ ఊడదీసి, ఆయిల్ దారిలో గాలి పెట్టి బకెట్‌లో ముంచాను. నీళ్ల దారిలోంచి బుడబుడా బుడగలు. గోడకు చిల్లు. లోపల తెల్లటి పెచ్చు, బోరు పైపుల్లో పడుతుందే, అలాంటిది గోరు మందాన.

అంటే మొదటిసారి కూడా ఇదే. నీళ్లు ఆయిల్‌లోకి పోయాయి, తడికి పొర ఊడింది. కళ్యాణదుర్గంలో ఆయిల్ మార్చడంతో గులాబీ రంగు నా కంట పడలేదు. కానీ ప్లేట్ల పెచ్చు పడింది, తుప్పు పడింది, జిడ్డు పడింది. చూసి కూడా మనిషి మీద పెట్టాను.

కొత్త కూలర్ వేసి పంపించేయొచ్చు. కానీ రెండేళ్లలో కూలర్‌ను ఏది తినేసింది? అది తెలియకపోతే మూడోసారి కూడా వస్తుంది.

"రేడియేటర్‌లో ఏం పోస్తాండావప్పా?"

"మంచినీళ్లే."

"యాడివి?"

"మా ఇంటివే. మంచినీళ్లు అంటాండా కదక్కా!"

ఆయనతో వాదించి లాభం లేదు. నేనే పోయి చూద్దామనుకున్నాను.

కంబదూరు ఆటో

కళ్యాణదుర్గం దాకా బస్సు. అక్కడినుంచి షేర్ ఆటో. పదిమందిని కుక్కి పదకొండో మనిషి కోసం అరుస్తున్న ఆటో దగ్గరకు పోయాను. ముందు సీట్లో డ్రైవర్ పక్కన కాస్త చోటుంది. ఎక్కి కూర్చుని తలతిప్పితే, ఆటో తోలేది సుంకన్న.

దిగిపోదామనుకున్నాను. వెనక మూటలు అడ్డం.

ఊరు దాటాక అతనే అడిగాడు. "యాడికక్కా?"

"తిప్పారెడ్డి ఇంటికి. కారు మళ్లీ పోయింది."

"తెలుసు."

"సుంకన్నా, ఆ దినం నీళ్లు అని ఏందో చెప్పబోతివి..."

రోడ్డు మీదనుంచి చూపు తిప్పలేదు. "ఇప్పుడు అడుగుతాండావా? మూన్నెల్లాయె."

"అడుగుతాండా. చెప్పు."

"ఆటో ఆపి చెప్పాల్నా, తోల్తా చెప్పాల్నా?"

వెనకనుంచి ఒకామె, "ఆపొద్దు సామీ, నా కోళ్లు ఎండకు సచ్చిపోతాయి" అని అరిచింది.

తోలుతూనే చెప్పాడు. తిప్పారెడ్డి ఎనిమిది బోర్లు వేయించాడు, ఎనిమిదీ దుమ్ము. తొమ్మిదోదానికి నీళ్లు పడ్డాయి. ఆ రోజు తిప్పారెడ్డి అమ్మ ఆ నీళ్లను చెంబులో పట్టి, పసుపు కుంకుమ వేసి, గంగమ్మ తొలి నీళ్లని ట్రాక్టర్‌కు, జీపుకు, కారుకు రేడియేటర్లలో పోయించింది. అప్పటినుంచి ప్రతి శుక్రవారం అదే పూజ. కారులో నీళ్లు తగ్గుతున్న కొద్దీ చెంబు పెద్దదైంది.

"ఆ బోరు నీళ్లు తాగేకి కూడా పనికిరావక్కా. పప్పు ఉడకదు. బిందె రెండు నెల్లకు తెల్లగా రాయైపోతాది. నేను వద్దని చెప్తే, గంగమ్మను వద్దంటావా అనె అవ్వ. కళ్యాణదుర్గంలో ఆయిల్ ఇప్పినప్పుడు కుంకుమ మజ్జిగ మాదిరి పడె. నా కండ్లతో సూసినా. కారు నీళ్లు తాగుతాండాది, ఆయిల్లోకి పోతాండాది అని నీకు చెప్పల్లనే వచ్చింటి."

మొత్తం రోగ నిర్ణయం. స్కానర్ లేదు, విప్పడం లేదు. మూడు నెలల కింద, నా ముందు, నిలబడి చెప్పబోయాడు. నేను గమ్మునుండు అన్నాను.

"నీకు వేరే కారు పని దొరకలేదా?"

"గేర్‌బాక్స్ పాడు చేసే సుంకన్న అని పేరు పడినాక ఎవరిస్తారు? మెకానిక్ రత్నక్కే చెప్పిందంట, అంటారు. నీ మాటకు అంత ఇలువ ఉండాది మరి."

అతను కోపంగా అని ఉంటే బాగుండేది. మామూలుగానే అన్నాడు.

"నన్నేం చేయమంటావు?"

"నాకు దుడ్లు వద్దు, ఏమొద్దు. రెడ్డికి చెప్పిన మాట రెడ్డి ముందరే ఎనక్కి తీసుకో. అందరూ ఉన్నప్పుడు."

శుక్రవారం చెంబు

నేను కావాలని చూసుకోలేదు గానీ ఆ రోజు శుక్రవారమే. మేం పోయేసరికి వాకిట్లో ట్రాక్టర్‌కు పూజ జరుగుతోంది. కంకర పనికి వచ్చినవాళ్లు, చుట్టాలు, ఊరివాళ్లు పదిహేనుమంది దాకా ఉన్నారు. తిప్పారెడ్డి అమ్మ లక్షుమమ్మ, ఎనభై దాటిన మనిషి, చెంబు పట్టుకుని ఉంది. సుంకన్న గేటు బయటే ఆటో ఆపాడు, దిగలేదు.

నాకు భయం లేదని చెప్పను. తిప్పారెడ్డికి చుట్టాలు ఎక్కువ, వాళ్లందరి కార్లూ నా షెడ్డుకే వస్తాయి. పైగా నేను చెప్పాల్సింది గంగమ్మ గురించి. మెకానిక్ తప్పు ఒప్పుకుంటే ఈ వృత్తిలో మర్యాద పోతుందని ముప్పై ఐదేళ్లుగా వింటున్నాను. ఖాదర్ సాబ్ కూడా ఒక్కసారీ ఒప్పుకోలేదు. గొప్ప ఉస్తాదే, అందులో మాత్రం పిరికివాడు.

సంచిలోంచి రెండు తీసి అరుగు మీద పెట్టాను. గులాబీ ఆయిల్ సీసా ఒకటి, తెల్లగా పెచ్చుకట్టిన కూలర్ ఒకటి.

"రెడ్డీ, నీ గేర్‌బాక్స్ సుంకన్న పాడు చేయలే. ఆ దినం నేను తప్పు చెప్పినా. ఇదిగో, నీళ్లు ఆయిల్లో కలిసినాయి. ఈ బోరు నీళ్లకే ఈ కూలర్ చిల్లు పడింది."

ట్రాక్టర్ ఒక్కటే డుగడుగమంటోంది.

తిప్పారెడ్డి ముఖం ఎర్రబడింది. "ఎనిమిది బోర్లు ఎండిపోయినాక పడిన గంగ అది. ఆ నీళ్లను తప్పంటావా, మా వాకిట్లో నిలబడి?"

"నీళ్లను అనలేప్పా. పొలానికి పెట్టుకో, శనక్కాయకు పెట్టుకో. దీనికి కూలెంట్ పోయాల. పొయ్యి మీద బిందె ఎట్లయితాదో నీకు తెలీదా? అదే దీన్ల జరిగింది."

"మరి మొదటిసారి ఎందుకు చెప్పకపోతివి?"

"సూడలే. సూసినా గానీ పట్టించుకోలే. నువ్వు డ్రైవర్ అంటివి, నేను అవునంటి. వాడు చెప్పబోతే నోరు మూయించినా. వాడు చెప్పిందే నిజం."

ఆయన ఇంకేదో అనబోయాడు. లక్షుమమ్మ చెంబు ట్రాక్టర్ మీద పెట్టి గేటు వైపు తిరిగింది. "ఒరే సుంకా. దిగి రా."

సుంకన్న వచ్చాడు.

"న్యూట్రల్లో జారిడిస్తివా?"

"లేదవ్వా."

"నీళ్లు మంచివి కాదని చెప్తివా?"

"చెప్తి. నువ్వే చెంబుతో కొట్టబోతివి."

ఎవరో కిసుక్కున నవ్వారు. ముసలామె కూలర్‌ను చేతిలోకి తీసుకుని, తెల్లటి పెచ్చును గోటితో గీకి చూసింది. "మా బిందెకు పట్టేదే," అంది తనలో తాను. కొడుకు వైపు చూసింది. "ఏమిరా, మూన్నెల్ల నుంచి కారు నువ్వే తోల్నావు గదా. ఇంకా ఎవర్ని తిడతావు?"

తిప్పారెడ్డి జేబులో చేతులు పెట్టుకున్నాడు. నేలను చూస్తూ, "బండి వచ్చినాక రా సుంకన్నా" అన్నాడు. ఆయనకు అంతకంటే రాదు.

సుంకన్న వెంటనే తల ఊపలేదు. "వస్తా. శుక్రవారం చెంబు నా చేతికియ్యాల. ముందు టైర్ల మీద పోస్తా. రేడియేటర్ మూత మాత్రం తియ్యను."

"టైర్లయితే గంగమ్మకు కోపం రాదులే," అంది లక్షుమమ్మ.

బయట ఆటోలో కోళ్లామె హారన్ కొడుతోంది.

మళ్లీ బిగించడం

రెండోసారి బిగించిన ఖర్చు నాదే. దాని గురించి ఇంక రాయొద్దు. కొత్త కూలర్, కొత్త ప్లేట్లు, కన్వర్టర్ మళ్లీ బెంగళూరు. కూలర్‌కు గాలి పెట్టి గంటసేపు బకెట్‌లో ఉంచాను, ఒక్క బుడగ రాలేదు. నీళ్ల దారి మొత్తం కడిగి కూలెంట్ పోశాను. కంప్యూటర్‌లో పాత లెక్కలు చెరిపి, స్కానర్‌తో చూశాను. అన్నీ సరిగ్గా ఉన్నాయి. నేనే తోలాను. వెన్న.

తీసుకుపోవడానికి సుంకన్న వచ్చాడు. తెల్ల చొక్కా, దువ్విన తల. షెడ్ల వరసలో ఒక చుట్టు తిప్పుకొస్తానని పోయి, పది నిమిషాలకు తిరిగొచ్చి ఇంజిన్ ఆపకుండా కూర్చున్నాడు.

"అక్కా. రెండు నుంచి మూడుకు పోయేటప్పుడు ఇంకా కొంచెం తడుముకుంటాంది."

నాకు ఒళ్లు మండింది. ఆ నెల అంతా ఆ గేర్‌బాక్స్‌తోనే బతికాను. ప్రతి బిళ్ల నా చేతులతో పేర్చాను. స్కానర్ బాగుందంటోంది, నా చేయి బాగుందంటోంది, ఇతనొచ్చి తడుముకుంటాంది అంటాడు! ఆ పాత మాటే నోటిదాకా వచ్చింది. ఏ మాటో నీకు తెలుసు కదా.

పట్టు ముక్కతో చేతులు తుడుచుకున్నాను. అటువైపు తిరిగి డోరు తీసి అతని పక్కన కూర్చున్నాను.

"తోలప్పా," అన్నాను. "యాడ తడుముకుంటాందో చూపించు. నేను గమ్మునుంటా."